నర్సాగౌడ్ తలకు బద్లీ

పోయిన సంవత్సరం ఇదే పత్రికలో నేనొక వ్యాసం రాశాను. మా వైపు నుంచి చేతిపని, కాలిపని బాగా తెలిసిన మనుషుల్ని హైదరాబాదు తీసుకెళ్ళి, ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకోబెట్టి, ఒక్కొక్కరి మెదడుకు ఒక్కొక్క పటం గీయించిన కథ అది. చాలామంది మెచ్చుకున్నారు. అందులో ఒక వాక్యం ఉంది: "గీత కార్మికుడు నర్సాగౌడ్ మొదటి రోజే సింహంలా ఆ సొరంగంలోకి వెళ్ళి గంటసేపు కదలకుండా పడుకున్నాడు."

ఆ వాక్యం అబద్ధం. ఆ రోజు సొరంగంలో పడుకున్న సింహాన్ని నేను. అదీ గురక పెట్టిన సింహాన్ని.

ఆ అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడానికి మొన్న దసరా తర్వాత మూడు రోజులు తిరిగాను. సిరిసిల్ల నుంచి కోరుట్ల, అక్కడి నుంచి ముత్యంపేట, జగిత్యాల, మళ్ళీ ముత్యంపేట. ఆ దారిలో వెళ్ళనివారి కోసం రాస్తున్నాను కానీ, చూడదగ్గ ప్రదేశాల జాబితా నా నుంచి ఆశించవద్దు. జగిత్యాల కోట పక్కనుంచే పోయినా తలెత్తి చూడలేదు. తల గురించి వేరే దిగులులో ఉన్నాను.

సిరిసిల్ల: తల ఊపిన పాపం

సిరిసిల్ల బస్టాండు దగ్గర నాకు జిరాక్స్ షాపుంది. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు సాంచాలు నడిపాను. మరమగ్గాలను మేం సాంచాలంటాం. అవి ఆడుతుంటే పక్కవాడి మాట వినపడదు కాబట్టి మా ఊళ్ళో రహస్యాలు కూడా అరిచే చెప్పుకుంటాం. అందుకే మాకు రహస్యాలు తక్కువ. నాకున్న ఒక్కటీ ఇప్పుడు అచ్చులో పెడుతున్నాను.

రెండేళ్ళ కిందట ఒక పరిశోధన బృందం కాగితాలు జిరాక్స్ తీయించుకోవడానికి మా షాపుకొచ్చింది. వాళ్ళ పెద్ద విశాఖ వైపు అమ్మాయి. మేడం అనే పిలిచేవాణ్ణి. నేత పనివాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు, తాటిచెట్లు ఎక్కేవాళ్ళు కావాలంది. ఎందుకని అడిగితే ఓపిగ్గా చెప్పింది.

"వెయ్యిమంది మెదళ్ళు కలిపి సగటు తీస్తే వచ్చే పటం ఎవరిదీ కాదండీ. వెయ్యి ఫొటోలు ఒకదానిమీద ఒకటి వేస్తే ఎవరి ముఖమూ మిగలదు కదా, అలాగన్నమాట. మాకు ఒకే మనిషి కావాలి. ఆ మనిషినే మళ్ళీ మళ్ళీ తీస్తాం. మెదడు మడతలు ఎలా ఉన్నాయి, కాలివేళ్ళు కదిపితే ఎక్కడ పని జరుగుతోంది, చేతివేళ్ళు కదిపితే ఎక్కడ, అన్నీ ఆ మనిషివే గీస్తాం. ఒకరి మడతలు ఇంకొకరికి ఉండవు."

నేను తల ఊపాను. ఆ తలలోకి ఏమీ ఎక్కలేదని తర్వాత తేలింది.

నా వయసు యాభై రెండు. వాళ్ళు నలభై ఐదు దాటినవాళ్ళను తీసుకోరట. మెదడు వద్దన్నారు కానీ మెడ పనికొచ్చింది. 'లోకల్ కోఆర్డినేటర్' అని ఐడీ కార్డు చేసి నా మెడలో వేశారు. ఆ కార్డు వేసుకుని రెండు పెళ్ళిళ్ళకు వెళ్ళాను. ఒక పెళ్ళిలో నన్ను కేటరింగ్ వాడనుకుని పెరుగు ఎక్కడని అడిగారు.

నర్సాగౌడ్‌ది ముత్యంపేట. మా ఆవిడ పుట్టిల్లు కోరుట్ల కాబట్టి ఎప్పటినుంచో ఎరుక. ముప్పై ఎనిమిదేళ్ళవాడు. మోకు, అంటే నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే తాడు, వేసుకున్నాడంటే ఎంత పొడవు తాటిచెట్టైనా గబగబా ఎక్కేస్తాడు. పైన కూర్చుని ఫోన్ మాట్లాడతాడు. అలాంటివాడు హైదరాబాదులో ఆ యంత్రాన్ని చూసి గోడకు అంటుకుపోయాడు.

"అన్నా, గీ డబ్బాల పండబెట్టి మూత పెడ్తరా?"

"మూత ఉండది తమ్మీ. రెండు దిక్కుల తెరిచే ఉంటది."

"అన్నా, నాతోని కాదు."

"ఇంత దూరమచ్చినం. మేడం ముందట నా ఇజ్జత్ పోతది."

"నీ ఇజ్జత్‌కు నా పానం ఇయ్యాల్నా? నాతోని కాదంటున్న గద!"

సాంచాల దగ్గర మాకొక పద్ధతి ఉంది. ఎవడికైనా ఊరికి పోవాల్సిన పని పడితే సాంచాలు ఆగకుండా ఇంకొకడు అతని చోట నిలబడతాడు. దాన్ని బద్లీ అంటాం. గుడ్డమీద ఎవడి పేరూ పడదు. ఎవరు నడిపినా అదే గుడ్డ, అంతే మీటర్లు. పద్దెనిమిదేళ్ళు అలా బతికినవాడికి తలకు మాత్రం బద్లీ ఉండదని ఎలా తోస్తుంది?

"సరే, నీకు బద్లీ నేను పోత," అన్నాను.

"తలకాయకు గూడ బద్లీ ఉంటదా?"

"సాంచెకు ఉంటది గాని తలకుండదా?"

ఆ రోజు యంత్రం దగ్గర కొత్త టెక్నీషియన్. మేడం అద్దం వెనక కంప్యూటరు ముందు ఉంది. ఆసుపత్రి గౌను తొడిగితే మనుషులందరూ ఒక్కలాగే ఉంటారు. నర్సాగౌడ్ అని పిలిస్తే నేను లేచాను. మొదటి రోజు మెదడు ఆకారమే తీస్తారు, కదలకుండా పడుకోవడమే పని. ఆ యంత్రం చప్పుడుకు చాలామంది భయపడతారని విన్నాను. లోపల టకటక మొదలవగానే నాకు నాలుగు సాంచాల నడుమ ఉన్నట్టనిపించి నిద్ర పట్టేసింది.

నెల తర్వాత రెండో విడత. ఈసారి నర్సాగౌడ్ సిగ్గుపడి, కళ్ళు గట్టిగా మూసుకుని, తనే వెళ్ళాడు. ఇరవై నిమిషాలు వాళ్ళు చెప్పినట్టు కాలివేళ్ళు కదిపాడు. తర్వాత భయమేస్తే నొక్కమని చేతికిచ్చిన రబ్బరు బుడ్డిని నొక్కి నొక్కి బయటపడ్డాడు. మళ్ళీ జన్మలో దాని మొహం చూడనన్నాడు.

ఆ తర్వాత వారానికి నర్సాగౌడ్ పేరున ఇంగ్లీషు లేఖ నా షాపుకొచ్చింది. మెదడు ఎడమ పక్క నీటితిత్తి లాంటిది కనిపించిందనీ, ఇది పరిశోధన కోసం తీసిందే తప్ప వైద్య పరీక్ష కాదనీ, న్యూరాలజీ డాక్టరుకు చూపించి మళ్ళీ స్కాన్ తీయించుకోవాలనీ ఉంది. స్కాన్ తీసిన తేదీ కూడా ఉంది. మొదటి విడత తేదీ.

అంటే ఆ తిత్తి ఉన్నది నా తలలో.

నర్సాగౌడ్ వచ్చి నా ముందు స్టూలు మీద కూర్చున్నాడు. ప్రతి ముక్కా తెలుగులో చదివి వినిపించాను. ఒక్క తేదీ తప్ప. కాగితం నా దగ్గరే ఉంచుకుని, డాక్టరుకు చూపించమని ఆ ముక్కలే తెలుగులో రాసిచ్చాను. రేపు చెబుదామనుకున్నాను. చెబితే బద్లీ సంగతి బయటపడుతుంది, కార్డు పోతుంది. అంతకంటే పెద్ద సంగతి ఏమిటంటే, చెప్పిన క్షణం నుంచి ఆ తిత్తి నాదైపోతుంది. చెప్పకపోతే కాగితం మీద అతనిదిగా ఉంటుంది. ఎంత సౌకర్యమో చూడండి.

ఆ చీటీ చూసిన కోరుట్ల డాక్టరు, మళ్ళీ స్కాన్ తీసేదాకా చెట్టెక్కవద్దన్నాడట. పైన ఫిట్సు వస్తే పడతాడని. నర్సాగౌడేమో ఆ డబ్బాలో పడుకోనన్నాడు. స్కాన్ లేదు, చెట్టు లేదు. అలా సంవత్సరం గడిచింది. ఆ మధ్యలోనే నేను సింహం వ్యాసం రాసుకున్నాను.

మొన్న మేడం ఫోన్ చేసింది.

"నర్సాగౌడ్ గారి రెండు విడతల చిత్రాలూ ఇప్పుడు కలుపుతుంటే కలవడం లేదండీ. మడతలే వేరు. ఇవి ఇద్దరు మనుషుల తలలు. మొదటిదాంట్లో తిత్తి ఉంది, రెండోదాంట్లో లేదు. రెండింట్లో ఒకటే ఆయనది. ఏది?"

"చూసి చెప్త మేడం," అన్నాను. చూడ్డానికేముంది? రెండు రోజులు గోడ చూశాను. మూడో రోజు బస్సెక్కాను.

బస్సులో

ఆడవాళ్ళకు టికెట్టు లేకపోవడంతో వేములవాడ దాకా సీట్లన్నీ వాళ్ళవే. టికెట్టు కొన్న నేను నిలబడ్డాను. తర్వాత ఒక ముసలమ్మ బీడీలు చుట్టే తునికాకు కట్టను ఒళ్ళో పెట్టుకుని నాకు జానెడు చోటిచ్చింది.

"ఏం పనికి పోతున్నవ్ కొడుకా?"

ముక్కూ మొహం తెలియని మనిషికి నిజం చెప్పడం ఎంత సులభమో అప్పుడు తెలిసింది. "ఒకాయినకు అన్యాయం చేసిన అవ్వా. ఒప్పుకుందామని పోతున్న."

"టికెట్ తీసుకున్నవా?"

"తీసుకున్న."

"అందుకే మీకు టికెట్ పెట్టిన్రు," అంది ఆమె కిటికీలోంచి చూస్తూ. "మీ మొగోళ్ళు తప్పు జేసుడు, ఒప్పుకునుడు, అటిటు తిరుగుడు. ఫ్రీ ఇస్తె బస్సులు సాల్తయా?"

కండక్టర్ నవ్వాడు. నేను టికెట్టు జేబులో ఇంకా లోపలికి తోసుకున్నాను.

కోరుట్ల: మిరపకాయ బజ్జీ, ఒక మరక

కోరుట్లలో దిగగానే నాకెప్పుడూ చెవులు మూసుకుపోయినట్టుంటుంది. ఇక్కడి పని చప్పుడు చేయదు. అరుగుల మీద ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతుంటారు. మాటలు నడుస్తూనే ఉంటాయి, చూపు ఎదుటివాళ్ళ మీదే ఉంటుంది, వేళ్ళు మాత్రం వేరే ఎవరివో అన్నట్టు ఆకు కత్తిరించి, పొగాకు పోసి, మడిచి, దారం కడతాయి. మా ఊరివాడిగా నేను మామూలుగా మాట్లాడితే ఇక్కడ కొట్లాటకు వచ్చాననుకుంటారు. చాయ్ అడిగితే హోటలాయన చేతులు జోడించాడు.

"ఇస్త సేటూ. కోపానికి రాకు."

మేం సిరిసిల్లలో ఒక చాయ్‌ని ఇద్దరం పంచుకుంటాం, అది మర్యాద. ఇక్కడ అలా అడిగితే జాలిగా చూస్తారు. పూర్తి చాయ్ పది రూపాయలు, నాలుగు బజ్జీలు ఇరవై. బజ్జీలు పెట్టుకోవడానికి కాగితం ఇవ్వకపోతే సంచిలోంచి ఏదో మడత తీసి పరిచాను. రెండో బజ్జీ తింటుండగా చూసుకుంటే అది మేడం పంపిన లేఖ. నూనె సరిగ్గా తేదీ దగ్గర ఇంకి, అక్కడ కాగితం అద్దంలా అయింది. మిగతా అక్షరాలన్నీ మామూలుగా ఉన్నాయి. సంవత్సరం పాటు నేను దాచిన ముక్క ఒక్కటే ధగధగలాడుతోంది.

మిగిలిన రెండు బజ్జీలు తినలేదని రాస్తే బాగుంటుంది. కానీ ఇది నిజం చెప్పడానికి రాస్తున్న వ్యాసం. తిన్నాను.

ముత్యంపేట: సగం రొట్టె

ఆటోలో ముత్యంపేట చేరేసరికి మధ్యాహ్నం. చక్కెర ఫ్యాక్టరీ గొట్టం దూరం నుంచే కనిపిస్తుంది. నర్సాగౌడ్ ఇంటి గోడకు కొట్టిన మేకుకు మోకు వేలాడుతోంది. దాని ఒక కొస కిటికీ ఊచకు కట్టి బట్టలు ఆరేసుకున్నారు. తాడుకు అవమానం జరిగితే అది ఎలా ఉంటుందో చూడాలంటే ఆ వాకిట్లోకి వెళ్ళాలి.

నర్సాగౌడ్ భార్య సుజాత నన్ను చూసి సంబరపడింది.

"సత్తన్న వచ్చిండు! కాళ్ళు కడుక్కో అన్నా. రొట్టెలు చేస్తున్న, తిను."

"నర్సన్న ఏడి చెల్లె?"

"జగిత్యాల్ల ఉంటుండు. ఏదో బిల్డింగుల వాచ్‌మెన్. నెలకోసారి వస్తడు." ఆమె జొన్నరొట్టె పెనంమీద వేస్తూ చెప్పింది. "ఎల్లుండి శుక్రారం కల్లుగీత సంఘంల చెట్లు పంచుకుంటున్నరు. పోయినేడు మా వంతు చెట్లు వేరేటోళ్ళు గీసిన్రు. ఈయేడు గూడ ఎక్కకపోతె పేరే తీసేస్తమన్నరు. మా మామ సంది వస్తున్న వంతు. ఏం జేస్తం? పానం కంటె ఎక్కువనా? నువ్వు ఉండబట్టి గా చిట్టి సదివి చెప్పినవ్ గని, లేకుంటె మనిషి చెట్టు మీదనే పోవు."

పళ్ళెంలో రొట్టె, పచ్చిపులుసు పడ్డాయి. ముత్యంపేటలో పెట్టిన పళ్ళెం ముందు నుంచి లేవడం పెద్ద తప్పు. మా వైపు చాయ్‌తో సరిపెడతారు, లేచిపోవచ్చు. నేను సగం రొట్టె తిన్నాను. మిగతా సగం పళ్ళెంలోనే ఉంచాను.

నర్సాగౌడ్ బిడ్డ మౌనిక పక్కన కూర్చుని చదువుకుంటోంది. ఇంటర్, బైపీసీ. నేను లేఖ తీసి ఆ పిల్ల చేతికిచ్చాను.

"ఇది చదువు బిడ్డా. తేదీతోటి సహా."

మౌనిక కాగితం వాసన చూసింది. "బజ్జీల కాగితమా మామా?" అని నవ్వి, చదివింది. తేదీ దగ్గర ఆగింది. వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకుంది. "మా బాపు మిషిన్‌ల పండుకున్నది దీని తర్వాత నెలకు గద. గీ రోజు నువ్వు పండుకున్నవని బాపే చెప్పిండు. నవ్వుకుంట చెప్పిండు." ఆ పిల్ల నవ్వడం లేదు. "అంటె గిది నీ తలకాయ."

"అవును బిడ్డా."

"నీకు ఎప్పటి సంది ఎరుక?"

"చదివినప్పటి సంది."

పెనంమీద రొట్టె మాడిన వాసన వచ్చింది. సుజాత దాన్ని తిప్పలేదు. లేచి వచ్చి, నా పళ్ళెం తీసుకుంది. అందులో ఉన్న సగం రొట్టెతో సహా. తిట్టలేదు. సిరిసిల్లలో అయితే వీధంతా వినపడేది, నాకు కాస్త తేలికయ్యేది.

"శుక్రారం పొద్దున్నె పంపకం," అంది. "ఆయినకు జెప్పు. తోలుకరా. తోలుకరాకపోతె మళ్ళ ఈ వాకిట్ల కాలు వెట్టకు."

ఆ పూట కోరుట్లలో మా బావమరిది ఇంట్లో అన్నం పెట్టారు. ఎందుకు వచ్చావంటే బంధువుల్ని చూడ్డానికన్నాను. ఒక్కరోజులో మూడు నిజాలు చెప్పడం నాకు అలవాటు లేదు.

జగిత్యాల: అయిదు అంతస్తులు

జగిత్యాల మామిడికి పేరున్న ఊరు. నేను వెళ్ళింది కాలం కాని కాలం. మార్కెట్ దగ్గర ఖాళీ డబ్బాలు ఆకాశమంత పేర్చి ఉన్నాయి. మౌనిక చెప్పిన అడ్రస్ అడిగితే ఒకాయన పనిమానుకుని నాతో కూడా నడిచాడు. మా ఊళ్ళో చెయ్యి చూపిస్తారు, అంతే. ఈయన సందు చివరిదాకా వచ్చి, ఏ డాక్టరు కోసం వచ్చానో, ఏం జబ్బో, ఎన్నాళ్ళనుంచో అడిగి, అన్నిటికీ ఒక్కొక్క మందు చెప్పి, చివరికి భవనం చూపించాడు.

అయిదంతస్తుల భవనం. కింద స్కానింగ్ సెంటర్. వాకిట్లో నీలం చొక్కా, మెడలో విజిల్, భుజంమీద ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బాతో నర్సాగౌడ్.

"సత్తన్నా! ఏంది గిట్లచ్చినవ్? ఉండు, పైకి నీళ్ళిచ్చి వస్త."

"లిఫ్టుంది గద?"

"గా డబ్బాల నేను పోను," అన్నాడు మెట్లెక్కుతూ. "యాడాది సంది ఒక్కసారి గూడ ఎక్కలె. ఓనరు నవ్వుతడు. నవ్వనియ్యి."

చెట్టెక్కితే ప్రాణం పోతుందని డాక్టరు ఆపిన మనిషి రోజుకు పదిసార్లు అయిదంతస్తులు ఎక్కుతున్నాడు. నేను వెనక ఎక్కాను. అతను ఆగడు, నాకేమో ఊపిరి అందదు. జీవితంలో అతి కష్టమైన మాట చెప్పడానికి నేను ఎంచుకున్న చోటు అది.

"తమ్మీ... గా చిట్టి..." ఒకటో అంతస్తు.

"ఏ చిట్టి?"

"తలకాయది. దాంట్ల తేదీ... నేను చదవలె." రెండో అంతస్తు.

"తేదీతోని మనకేం పని?"

"అది మొదటిసారి తీసింది." మూడో అంతస్తు. "బద్లీ... నేను పోయిన గద. గప్పటిది."

నాలుగో అంతస్తులో నర్సాగౌడ్ అడుగులు నెమ్మదించాయి. అయిదో అంతస్తు దాటి, డాబా మీదికి వెళ్ళి, డబ్బా దింపాడు. వెనక్కి తిరగలేదు. అక్కడి నుంచి ఊరి చివర తాళ్ళ వరుస సన్నగా కనిపిస్తోంది.

"అంటె నాకేం లేదా?"

"నీకేం లేదు. ఉన్నది నాకు."

"నీకు ఎరుకనా?"

"ఎరుకే."

డబ్బా మూత బిగించాడు. తర్వాత ఆ తాళ్ళకేసి చూస్తూనే అన్నాడు. "గా తాళ్ళెవలివో నాకు తెల్వదు గని, రోజు వచ్చి చూస్త. యే చెట్టుకు యే కల్లు లొట్టి కట్టిన్రు, ఈన్నుంచే చెప్త. మనిషి చెట్టెక్కుడు తప్పు, దూరం నుంచి చూసుడు ఒప్పా అన్నా? రాత్రికి తలకాయ ఒత్తుకునేటోణ్ణి. యాడున్నదో తిత్తి అని. నొప్పి గూడ లేసేది. లేని తిత్తికి నొప్పెట్ల లేసిందే?"

"నాకు ఒక్కనాడు లేవలె," అన్నాను. నిజమే.

"ఎందుకు లేస్తది? నీ బద్లీ నేను పడ్తున్న గద!"

కొడతాడేమోనని చూశాను. కొడితే బాగుండుననీ చూశాను. అతను మాత్రం తువ్వాలతో మొహం తుడుచుకుని లెక్కలోకి దిగాడు.

"రేపు సంఘంల చెప్తవా?"

"చెప్త."

"నిన్నెవడు నమ్ముతడు? పేపర్ల సింహం అని రాసినోడివి. నా చెట్ల కోసం నేనే నిన్ను తెచ్చిన అంటరు. కాయితం గావాలె." కిందికి చూపించాడు. "కిందనే ఉన్నది గద మిషిను. నువ్వు పండుకో. నీ తలకాయల ఉన్నట్టు చూపిస్తె నాకు లేనట్టే."

"మేడం కంప్యూటర్‌ల గూడ..."

"నాకు మేడం వద్దు. నువ్వు పండుకో."

స్కానుకు ఎంత అయిందో రాయను. ఈ పత్రిక మా ఆవిడ చదువుతుంది. టెక్నీషియన్ పేరడిగాడు. నా పేరు సత్యనారాయణ అని చెప్పాను. తలుపు దగ్గర నుంచి నర్సాగౌడ్ కేక వేశాడు.

"ఆధార్ కార్డు చూడుండ్రి సారూ! ఈయిన నోటిమాట నమ్మకుండ్రి!"

అప్పుడు సొరంగంలోకి వెళ్ళాను. చప్పుడు అదే, టకటక. నిద్ర మాత్రం రాలేదు. ఆ తిత్తి నా తలలో లేకపోతే? ఎక్కడో ఇంకేదో పొరపాటు జరిగి, నిజంగా నర్సాగౌడ్‌కే ఉంటే? ఏడాదిగా ఆ తిత్తి నాది కాకూడదని కోరుకున్నవాణ్ణి, అక్కడ వెల్లకిలా పడుకుని, అది నాదే కావాలని ఊళ్ళో ఉన్న దేవుళ్ళందరినీ, పక్క ఊళ్ళ దేవుళ్ళను కూడా వేడుకున్నాను.

డాక్టరు సాయంత్రానికి పిలిచాడు. వెలుగుతున్న తెరకు ఫిల్ము తగిలించాడు. జీవితంలో మొదటిసారి నా పేరుతో నా మెదడును చూశాను. మడతలన్నీ సాంచె బీముకు చుట్టిన నూలు తెగి చిక్కుపడ్డట్టున్నాయి. ఎడమ పక్క నల్లగా, శుభ్రంగా, చింతగింజంత చోటు.

"ఇది పుట్టినప్పటి నుంచీ ఉన్నదే కావచ్చు," అన్నాడాయన. "చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. అయినా ఒకసారి న్యూరాలజీ డాక్టరుకు చూపించుకోండి."

"ఉన్నదా సార్? నాకే ఉన్నదా?" అని ఆయన చెయ్యి పట్టుకున్నాను.

ఆయన నా వంక అనుమానంగా చూశాడు. తిత్తికి ఇంత సంతోషించిన రోగిని ఆయన చూసి ఉండడు. బయట మెట్టు మీద నర్సాగౌడ్ కూలబడి విజిల్‌ని పిడికిట్లో పట్టుకుని ఉన్నాడు. ఏడుస్తున్నాడని వెంటనే తెలియలేదు. విజిల్ ఊదడానికి ప్రయత్నిస్తున్నాడనుకున్నాను.

అక్కడి నుంచే మేడంకు ఫోన్ చేశాను. "మొదటిరోజు తల నాది మేడం. రెండోది నర్సాగౌడ్‌ది."

 ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "మీరు డాక్టరుకు చూపించుకున్నారా?" దానికి బదులు తిట్టి ఉంటే నయం. చూపించానని చెప్పాక అప్పుడు తిట్టింది. "మీరు గంటసేపు నిద్రపోయారు సత్యనారాయణ గారూ. ఆ గంట మీద నేను నాలుగు నెలలు పనిచేశాను. నర్సాగౌడ్ గారి కాలివేళ్ళ పటాన్ని తీసుకెళ్ళి మీ మెదడు మీద అతికించాలని చూస్తున్నాను ఇన్నాళ్ళూ. ఈ విషయం మా కమిటీకి చెప్పాలి. మీ కార్డు వెనక్కి పంపండి."

"పంపుత మేడం."

"నర్సాగౌడ్ గారిని మళ్ళీ ఒకసారి వస్తారేమో అడగండి."

అడిగాను. నర్సాగౌడ్ ఫోన్‌లోకి వంగి చెప్పాడు. "మేడం, చెట్టుమీద పెట్టుండ్రి మిషిను. గాడైతె పండుకుంట."

ముత్యంపేట: శుక్రవారం

కల్లు మండువ ముందు, అంటే అందరూ కూర్చుని కల్లు తాగే పందిరి కింద, ముప్పై మంది దాకా చేరారు. చెట్లకు నంబర్లు వేసి చీటీలు తీసుకోవడం ఇక్కడి పద్ధతి. మా దగ్గర ఏది పంచుకున్నా కేకలతో పంచుకుంటాం. వీళ్ళు చీటీల డబ్బాకు దండం పెట్టి మౌనంగా తీస్తారు.

నేను లేచి నిలబడి చెప్పాను. బద్లీ, లేఖ, తేదీ, సింహం, అన్నీ. మధ్యలో ఎవరో, "జర మెల్లగ చెప్పు సేటూ, చెట్లమీది పిట్టలు లేస్తున్నయ్," అన్నారు. సంఘం పెద్ద రాజయ్యగౌడ్ ఫిల్ము తీసుకుని సూర్యుడికి అడ్డంగా పట్టాడు. తలలన్నీ దానికిందికి చేరాయి.

"గిదేనా మెదడు? అక్రోటు లెక్కున్నది."

"తిత్తేది?"

"అగో, నల్లగ."

"గంతేనా? గింతదానికి మనోన్ని యాడాది చెట్టు దింపిండా ఈయిన?"

రాజయ్యగౌడ్ ఫిల్ము దించి నన్ను ఎగాదిగా చూశాడు. "సేటూ, సాంచెకు నీ బదులు ఇంకోడు నిలబడ్తడు. మా చెట్టుకు గట్ల నడువది. ఒకల ముస్తాబు చేసిన చెట్టును ఇంకోడు గీస్తె మూడు దినాలు కల్లియ్యకుండ అలుగుతది. నువ్వు తలకాయకే బద్లీ పోయినవ్!" తర్వాత చీటీల డబ్బా నర్సాగౌడ్ ముందుకు జరిపాడు. "తియ్యిరా."

నర్సాగౌడ్‌కు కాలువ గట్టు వరుస వచ్చింది. వాళ్ళ నాయన గీసిన చెట్లు అందులో మూడున్నాయట. సుజాత అప్పటికే ఇంటికి వెళ్ళి మోకు తెచ్చింది. బట్టల క్లిప్పు ఒకటి ఇంకా దానికే ఉంది. మౌనిక ఊడదీసి జేబులో వేసుకుంది. నేను పక్కకు తప్పుకుంటుంటే సుజాత కొంగులోంచి ఒక మూట తీసి నా చేతిలో పెట్టింది. చల్లారిన రొట్టె. సగమే.

నర్సాగౌడ్ చెట్టుకు మొక్కి, మోకు చుట్టుకుని, నీలం చొక్కాతోనే ఎక్కాడు. మొదటి నాలుగు పట్లు తడబడ్డాయి.  అయిదో పట్టు నుంచి కాలివేళ్ళు విడివిడిగా తెరుచుకుని మాను మీద సర్దుకోవడం కింది నుంచి కూడా కనిపించింది. ఆ తర్వాత అతన్ని ఎవరూ ఆపలేకపోయేవారు. మట్టల దగ్గర కూర్చుని, చొక్కా జేబులో ఉన్న విజిల్ తీసి గట్టిగా ఊదాడు. ఊరంతా చూసింది.

"సత్తన్నా!"

"ఆఁ!"

"జర పైకి రా! నేను కిందికి వచ్చి చాయ్ తాగి వస్త! గంతసేపు బద్లీ కూసో!"

ముప్పైమందీ నావైపు తిరిగారు. ఒకాయన నిజంగానే తన మోకు విప్పి నా చేతికి అందించాడు. నేను మానును రెండు చేతులా పట్టుకుని తలెత్తి చూశాను. మెడ పట్టేసింది. పైన ఆకాశం, అతని కాళ్ళు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు.

"తమ్మీ, నాతోని కాదు!" అని అరిచాను.

"నాకు వినపడ్తలె! మళ్ళ చెప్పు!"

సిరిసిల్లవాణ్ణి. రెండోసారి కాలువ అవతలి ఒడ్డుకు కూడా వినపడింది.